బోటు లాగే బండి, మోసే ట్రైలర్: డల్లాస్ లేకుల దగ్గర ఏది పనికొస్తుంది, ఏది రాదు

బోటు షోరూములో "డ్రై వెయిట్ 2,700 పౌండ్లు" అని రాసి ఉంటుంది. కారు బ్రోషర్లో "టోయింగ్ 5,000 పౌండ్లు" అని ఉంటుంది. ఇంకా 2,300 చేతిలో ఉంది కదా అని సంతకం పెట్టేస్తారు. ఆ రెండు అంకెలూ అబద్ధాలు కావు. కాకపోతే ఒకటి ఖాళీ బోటు లెక్క, రెండోది దాదాపు ఖాళీ కారు లెక్క. లాగే శక్తిని కొలవడానికి కంపెనీలు పాటించే ఎస్.ఎ.ఇ. జె2807 పద్ధతిలో కారులో డ్రైవరు, పక్కన ఒక్కరు, చెరి 150 పౌండ్లు, అంతే. వెనక సీట్లో పిల్లలు లేరు, ఇండియా నుంచి వచ్చిన అత్తమామలు లేరు, పులిహోర డబ్బాలు లేవు.

అందుకని ఈ సమీక్షకు ఒక మామూలు కుటుంబాన్నే కొలతగా పెట్టుకున్నాం. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు, 19 అడుగుల ఫైబర్‌గ్లాస్ బౌరైడర్ (ముందు భాగంలోనూ సీట్లున్న బోటు), వారాంతాల్లో లేక్ లూయిస్‌విల్ లేదా రే రాబర్ట్స్, సెలవులొస్తే యుఎస్ 75 హైవే మీద టెక్సోమా లేకు దాకా. ఆరుగురు మనుషులు.

ముందు బోటు అసలు బరువు చూద్దాం. ఇంజన్‌తో కలిపి 2,700. ఒక ఇరుసు ట్రైలర్ 850. పెట్రోలు గ్యాలనుకు 6.1 పౌండ్ల చొప్పున 35 గ్యాలన్లకు 214. బ్యాటరీ, లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, లాగే ట్యూబు కలిపి 150. కూలర్, మిగతా సామాను 100. మొత్తం 4,014. బ్రోషర్లో చూసిన 2,700 ఎక్కడ, ఇది ఎక్కడ!

ఇక్కడే మరో చిక్కు బయటపడుతుంది. ఒక ఇరుసు ట్రైలర్లలో ఎక్కువగా కనిపించేది 3,500 పౌండ్ల ఇరుసు. దానికి వేసే ఎస్‌టీ205/75ఆర్14, లోడ్ రేంజ్ సి టైరు 50 పీఎస్ఐ గాలి దగ్గర మోసేది 1,760 పౌండ్లు. రెండు టైర్లు కలిపితే 3,520. మన బరువులో 400 దాకా కారు హిచ్ (వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడినా, ఇరుసు మీద 3,600 పైనే మిగులుతుంది. అంటే ఇరుసూ చాలదు, టైర్లూ చాలవు. రెండిరుసుల ట్రైలర్ కావాలి. దాని సొంత బరువు దాదాపు 1,100. లెక్క 4,264కి చేరింది. "బోటు బాగుంది, ట్రైలర్ ఏదైతే ఏముందిలే" అనుకుని పాత ట్రైలర్ చవగ్గా కొనేవాళ్లు జూలై ఎండలో హైవే పక్కన టైరు పేలి నిలబడేది ఇందుకే.

ఇప్పుడు కారు తలుపు తెరవండి. డ్రైవరు వైపు తలుపు పక్కన, బి-పిల్లర్ మీద పసుపు గీతలున్న తెల్ల స్టిక్కరు ఒకటి ఉంటుంది. సీటు బెల్టు కింద దాదాపు మోకాలి ఎత్తులో, వంగితే గానీ కనపడదు. మనుషులు, సామాను కలిసి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఒక వాక్యం ఉంటుంది. అదే పేలోడ్. బ్రోషర్లోని అంకె కన్నా ఇది నిజమైన అంకె, ఎందుకంటే మీ బండి ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు అందులో ఉన్న సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, మూడో వరుస సీట్లు అన్నీ లెక్కేసి రాసింది. బోటు కోసం బండి చూడ్డానికి వెళ్తే ముందు ఈ స్టిక్కరుకు ఫోటో తీయండి. సేల్స్‌మన్ మాటలు తర్వాత వినొచ్చు.

స్టిక్కరు మీద 1,350 ఉందనుకుందాం. నలుగురు పెద్దలు 160 చొప్పున 640, ఇద్దరు పిల్లలు 70 చొప్పున 140, కలిపి 780. తర్వాత బిగించిన రిసీవర్ (కారు వెనక కింద బిగించే చదరపు గొట్టం), బాల్ మౌంట్ (అందులో దూర్చే, బాల్ ఉన్న కడ్డీ) 60. హిచ్ మీద ట్రైలర్ మోపే బరువు 425. మొత్తం 1,265. మిగిలింది 85. ఐస్ నింపిన కూలర్ ఒక్కటి డిక్కీలో పెడితే అదీ అయిపోయింది. లాగే శక్తి ఇంకా 700 పౌండ్లకు పైగా మిగిలే ఉంది, మోసే శక్తి మాత్రం అయిపోయింది. నూటికి తొంభై మంది చూడనిది ఈ రెండో అంకెనే అంటే అతిశయోక్తి అనిపించవచ్చు గానీ, బోటును నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర వెనక బంపరు నేలకు వంగి, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తున్న బండ్లను గమనిస్తే నమ్ముతారు.

హిచ్ మీద పడే ఈ బరువునే టంగ్ వెయిట్ అంటారు. ఎద్దుల బండి తోలినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. గడ్డి వెనక ఎక్కువేస్తే కాడి పైకి లేచి పలుపులు ఎద్దుల మెడకు బిగుసుకుంటాయి. ముందు ఎక్కువేస్తే మెడలు వంగిపోతాయి. ట్రైలర్ కూడా అంతే. వెనక మొగ్గితే 55 మైళ్ల వేగం దగ్గర ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఆ ఊపు కారును కూడా ఆడిస్తుంది. ముందు మొగ్గితే కారు వెనక ఇరుసు నలిగి, స్టీరింగు తేలికైపోతుంది. మొత్తం బరువులో పదో వంతు హిచ్ మీద ఉండేలా చూసుకుంటే బోటు ట్రైలర్లకు సరిపోతుంది. మీ కారు మాన్యువల్ వేరే శాతం చెబితే అదే పాటించండి. తక్కువైతే విన్చ్ స్టాండు (ట్రైలర్ ముందు భాగంలో బోటు ముక్కును పట్టి ఉంచేది) బోల్టులు వదులు చేసి స్టాండును ముందుకు జరిపి, బోటును దాని దాకా లాగాలి. ఎక్కువైతే వెనక్కి. రెండు మూడంగుళాలు జరిపినా తేడా తెలుస్తుంది.

కొలవడం కష్టమేం కాదు. హైవే పక్కన లారీలు ఆగే బంకుల్లో క్యాట్ స్కేలు అనే బండ్ల తూకం ఉంటుంది. పెట్రోలు నింపి, మనుషులంతా కూర్చుని, బోటు తగిలించి ఒకసారి, విప్పేసి కారొక్కటే ఒకసారి తూయించండి. మొదటి చీటీలో కారు రెండు ఇరుసుల మొత్తం లోంచి రెండో చీటీలోని మొత్తం తీసేస్తే వచ్చేదే టంగ్ వెయిట్. బోటు కొన్న మొదటి వారంలోనే ఈ పని చేయాలి.

ఇక బండ్లు.

హోండా ఒడిస్సీ మన ఇళ్లలో చాలామందికి ఉన్నదే కాబట్టి ముందు దాని సంగతి. గరిష్ఠంగా 3,500 పౌండ్లు. 19 అడుగుల బౌరైడర్‌కు పనికిరాదు, మాట ముగిసింది. 16 అడుగుల అల్యూమినియం చేపల బోటుకు మాత్రం ట్రైలర్‌తో కలిపి 2,000 చుట్టూ ఉంటుంది కాబట్టి ఆలోచించవచ్చు. అయితే హోండా మాన్యువల్లో ఒక పట్టిక ఉంటుంది: కారులో మనుషులు పెరిగేకొద్దీ లాగే హద్దు తగ్గుతూ వస్తుంది. పైలట్‌కూ ఇలాంటి పట్టికే. అది తెరవకుండా హిచ్ బిగించుకోవద్దు.

ఒడిస్సీకి అసలు ఇబ్బంది ర్యాంప్ మీద. బోటు ర్యాంపుల వాలు 12 నుంచి 15 శాతం దాకా ఉంటుంది. కారు ముక్కు పైకి, వెనక చక్రాలు నీళ్ల వైపు. ఆ వాలులో కారు బరువు వెనక్కి జరుగుతుంది, పైగా హిచ్ మీద ట్రైలర్ నొక్కుతూ ఉంటుంది. ముందు చక్రాలు తేలికైపోతాయి. ముందు చక్రాల డ్రైవ్ బండిలో లాగాల్సింది అవే చక్రాలు! కింద కాంక్రీటు మీద పాచి, ముందు బోటు తీసుకెళ్లినవాళ్ల ట్రైలర్ నుంచి కారిన నీళ్లు. యాక్సిలరేటర్ తొక్కితే టైర్లు కూస్తూ తిరుగుతాయి, పొగ వస్తుంది, బండి కదలదు. అప్పుడు ఇంకా తొక్కడం తప్పు. ట్రైలర్ చక్రాల వెనక చెక్కలు పెట్టి, మనుషుల్ని దింపి, చాలా మెల్లగా ప్రయత్నించాలి. ఎండిపోయిన, వాలు తక్కువున్న ర్యాంప్ మీదైతే ఒడిస్సీ చిన్న బోటును బయటకు లాగుతుంది. లేకులో నీటిమట్టం పడిపోయినప్పుడు పాచి పట్టిన అడుగు భాగం బయటపడుతుంది, అప్పుడు మాత్రం నమ్మలేం.

టెస్లా మోడల్ వై కూడా 3,500 పౌండ్లే, హిచ్ మీద 350. ర్యాంప్ మీద మాత్రం ఒడిస్సీకి దీనికి పోలికే లేదు: నాలుగు చక్రాలనూ తిప్పే రెండు మోటార్ల మోడల్ తడి కాంక్రీటు మీద గేరు మార్పుల కుదుపు లేకుండా, జారకుండా మెల్లగా ఎక్కుతుంది. లూయిస్‌విల్ లాంటి దగ్గరి లేకుకు చిన్న బోటు తీసుకెళ్లడానికి మంచిది. దూరం వెళ్లాలంటే బ్యాటరీ దూరం సగానికి దగ్గరగా పడిపోతుంది, పైగా చాలా చార్జింగు స్థలాల్లో ట్రైలర్‌తో సహా నిలబెట్టే చోటు ఉండదు. ట్రైలర్ విప్పి పక్కన పెట్టి చార్జి చేసుకోవాలి. టెక్సోమాకు దీనితో వద్దు.

టయోటా హైలాండర్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. పెట్రోలు మోడల్ 5,000 పౌండ్లు లాగుతుంది, హిచ్ మీద 500. హైబ్రిడ్ 3,500 మాత్రమే. వెనక బ్యాడ్జి ఒక్కటే తేడా, లాగే శక్తిలో 1,500 పౌండ్ల తేడా. మైలేజీ కోసం హైబ్రిడ్ కొని, రెండేళ్లకు బోటు కొందామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. 2022 దాకా వచ్చిన 3.5 లీటర్ల వి6లో 263 పౌండ్-ఫీట్ టార్క్, 2023 నుంచి వచ్చిన 2.4 లీటర్ల టర్బోలో 310. లాగే హద్దు రెండింటికీ ఒకటే అయినా, టర్బో తక్కువ ఆర్‌పీఎం దగ్గరే బలం ఇస్తుంది కాబట్టి ట్రైలర్ తగిలించినప్పుడు గేర్లు కిందికి దిగడం తగ్గుతుంది. పైన వేసిన పేలోడ్ లెక్క ఇలాంటి బండిదే. మన 4,264 పౌండ్ల బోటుకు నలుగురి కుటుంబమైతే సరే. ఆరుగురైతే ఇద్దరు వేరే కారులో రావాలి. కియా టెల్యురైడ్, హ్యుందాయ్ పాలిసేడ్ కూడా ఇదే తరగతి, 5,000 చుట్టూనే. స్టిక్కరు చూసి నిర్ణయించుకోండి.

షెవీ టాహో ఈ కుటుంబానికి సరైన కొలత. పూర్తి లాడర్ ఫ్రేమ్, 5.3 లీటర్ల వి8, సరైన ప్యాకేజీతో 8,000 పౌండ్ల పైన. పేలోడ్ ట్రిమ్ బట్టి 1,600–1,800 మధ్య. ఆరుగురు కూర్చుని, హిచ్ మీద 425 మోపినా ఇంకా దాదాపు నాలుగు నుంచి ఆరు వందల పౌండ్లు చేతిలో ఉంటాయి. ఆగేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది: పొడవైన, బరువైన బండిని ట్రైలర్ వెనక నుంచి తోయలేదు. మ్యాక్స్ ట్రైలరింగ్ ప్యాకేజీ ఉన్నదే తీసుకోండి. 4డబ్ల్యూడీ అని రాసి ఉన్న ప్రతి టాహోలోనూ లో-రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఉండదు, టూ-స్పీడ్ ట్రాన్స్‌ఫర్ కేసు ఉందో లేదో అడగండి. ర్యాంప్ మీద లో-రేంజ్‌లో పెడితే బ్రేకు మీంచి కాలు తీయగానే బండి పాకుతూ ఎక్కుతుంది. పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది. గ్యారేజీ కొలుచుకోండి, బండి పొడవు పదిహేడున్నర అడుగులు.

ఫోర్డ్ ఎఫ్-150 గురించి కంపెనీ ప్రకటన 13,000 పౌండ్ల పైనే. ఆ అంకె ఒక్క ప్రత్యేకమైన ఇంజన్, యాక్సిల్, ప్యాకేజీ కలిస్తేనే. మన బోటుకు 2.7 లీటర్ల ఎకోబూస్ట్, టో ప్యాకేజీ, 4x4 ఉన్న మధ్యస్థాయి ట్రిమ్ చాలు. ఖరీదైన ట్రిమ్ తీసుకుంటే పనోరమిక్ రూఫ్, కరెంటుతో మడిచే మెట్లు, చల్లగాలి సీట్లు, అన్నీ పేలోడ్‌నే తింటాయి. ఒకే షోరూములో పక్కపక్కన నిలబెట్టిన రెండు ఎఫ్-150ల స్టిక్కర్ల మధ్య 500 పౌండ్ల తేడా ఉండొచ్చు. తడిసిన తాళ్లు, ట్యూబులు వెనక బెడ్‌లో పడేయడానికి ట్రక్కును మించింది లేదు. ఆరుగురు ఎక్కే ఇంటికి టాహో, అయిదుగురి లోపైతే ఎఫ్-150, ఇది మా నిర్ణయం.

బండి ఏదైనా హిచ్, బాల్, కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) మూడింటికీ వేర్వేరు హద్దులు ఉంటాయి. అన్నిట్లోకీ తక్కువదే మీ హద్దు. ఒకటింపావు అంగుళం రిసీవర్లు క్లాస్ 1, 2 వి, 3,500 దాటవు. మన బోటుకు రెండంగుళాల క్లాస్ 3 కావాలి. కప్లర్ మీద 2 అంగుళాలని ముద్ర ఉంటే బాల్ కూడా సరిగ్గా 2 అంగుళాలదే ఉండాలి. ఒకటీ ఏడు ఎనిమిదో వంతుల (1 7/8) అంగుళం బాల్ అయినా కుదురుతుందిలే అనుకోవద్దు: చిన్న బాల్ మీద కూడా కప్లర్ లాచ్ పడినట్టే కనిపిస్తుంది, మొదటి గుంతలో ఊడి వస్తుంది. తగిలించాక ట్రైలర్ జాకీతో ఒకసారి పైకెత్తండి. కారు వెనక భాగం కూడా లేస్తే పట్టినట్టు. సేఫ్టీ చెయిన్లు కప్లర్ కింద ఇంటూ ఆకారంలో వేయాలి, ఊడినా టంగ్ నేలను తాకకుండా వాటి మీద పడుతుంది. రెండిరుసుల ట్రైలర్ అయితే నేలకు సమాంతరంగా ఉండాలి. ముక్కు కిందికి వంగితే ముందు ఇరుసే బరువంతా మోస్తుంది.

ట్రైలర్లలో పెయింటు వేసిన స్టీలు, గాల్వనైజ్డ్, అల్యూమినియం అని మూడు రకాలు. బోటు రంగుకు జతగా మెరిసే పెయింటు ట్రైలర్ మంచినీటి లేకులకు, గ్యారేజీలో పెట్టుకునేవాళ్లకు సరే. డబ్బా గొట్టాల ఫ్రేము లోపలికి నీళ్లు పోతే తుప్పు లోపలి నుంచి తినేస్తుంది, బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. ఎప్పుడైనా గాల్వెస్టన్ బేలో దించే ఆలోచన ఉంటే గాల్వనైజ్డ్ లేదా అల్యూమినియం ఐ-బీమ్ తప్ప వేరేది చూడొద్దు. రెండింట్లో గాల్వనైజ్డ్ మీద మాకు నమ్మకం ఎక్కువ, గీసుకున్నా బాగుచేయడం తేలిక. అల్యూమినియం 150–200 పౌండ్లు తేలిక, హైలాండర్ లాంటి బండికి ఆ తేడా విలువైనదే. అయితే అందులో స్టీలు బోల్టులు తగిలే చోట తెల్లటి పొడి కడుతుందేమో ఏటా చూడాలి.

ఫైబర్‌గ్లాస్ బోటు ట్రైలర్ మీద కూర్చోవడానికి బంకులే మంచివి: కార్పెట్ చుట్టిన పొడవాటి చెక్కలు బోటు అడుగంతా మోస్తాయి. రోలర్లు నీళ్లు లోతులేని ర్యాంపుల దగ్గర దించడానికి సుఖం గానీ, బరువంతా కొన్ని బిందువుల మీద పడుతుంది. అల్యూమినియం బోటుకు కొత్త బంకులు వేయిస్తే రాగి కలిపి ట్రీట్ చేసిన చెక్క వాడనీయొద్దు, తడి కార్పెట్ కింద ఆ రాగి అల్యూమినియాన్ని చిల్లులు పడేలా తింటుంది.

బ్రేకుల విషయంలో బేరం లేదు. టెక్సస్ చట్టం ట్రైలర్ మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే బ్రేకులు ఉండాలంటుంది. మన 4,264 ఆ గీతకు కిందే ఉంది కాబట్టి వద్దులే అని కొందరు డబ్బు మిగుల్చుకుంటారు. హోండా మాన్యువల్ 1,000 పౌండ్లకే ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉంటే మంచిదంటుంది. మేమూ అదే అంటాం. బోటు ట్రైలర్లకు సర్జ్ బ్రేకులు వస్తాయి: కారు ఆగబోతే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుకే కప్లర్లోని సిలిండరు నొక్కుకుని బ్రేకులు పడతాయి. డ్రమ్ కన్నా డిస్క్ తీసుకోండి, నీళ్లలో మునిగి తేలే బండిలో త్వరగా ఎండేదీ, తేలిగ్గా కడగగలిగేదీ అదే. రివర్స్‌లో వెళ్తే కూడా ఇదే తోపు వస్తుంది కాబట్టి బ్రేకులు పట్టేస్తాయి. దాన్ని ఆపడానికే అయిదో తీగ, నీలం రంగుది, రివర్స్ లైటుకు కలుపుతారు. కారుకు నాలుగు తీగల ప్లగ్గే ఉంటే ఇంటి డ్రైవ్‌వేలో ఎత్తు మీదకు వెనక్కి నెట్టేటప్పుడు ట్రైలర్ మొండికేస్తుంది. కొనేటప్పుడే ఏడు పిన్నుల సాకెట్ పెట్టించుకోండి.

మిగతా నాలుగు తీగలూ: తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసగ్గా వెలిగిందంటే బల్బులు మార్చకండి, తెల్ల తీగ ఫ్రేముకు తగిలే చోట తుప్పు గీకండి.

పాత ట్రైలర్ చూసేటప్పుడు టైరు ట్రెడ్ చూసి మోసపోవద్దు. పక్క గోడ మీద డీవోటీ అంకెల చివరి నాలుగూ చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. అయిదారేళ్లు దాటితే కొత్తదిలా ఉన్నా మార్చాల్సిందే. వేరే వేగం ముద్ర లేని ఎస్‌టీ (ట్రైలర్) టైర్లకు గంటకు 65 మైళ్లే హద్దని పెట్టుకోండి, యుఎస్ 75లో అందరూ దాటిపోతున్నా సరే.

చివరగా హబ్బులు. నలభై మైళ్లు నడిచిన హబ్బు వేడిగా ఉంటుంది. ర్యాంప్ దగ్గరికి రాగానే చల్లటి నీళ్లలో దించితే లోపలి గాలి కుంచించుకుని, వెనక సీలు సందులోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే ముందు పార్కింగులో పావుగంట ఆగండి, ఆ లోపు డ్రెయిన్ ప్లగ్ బిగించి, సామాను ఎక్కించుకోండి. ఏడాదికోసారి హబ్బు టోపీ తీసి గ్రీజు వేలితో తీసి చూడండి. ఎర్రగానో నీలంగానో, వేసిన రంగులోనే జిగురుగా ఉంటే సరే. పాలు పోసిన కాఫీ రంగులో, వేలి మీంచి జారుతూ ఉంటే నీళ్లు చేరినట్టే. పైపైన కొత్త గ్రీజు కొట్టడం వల్ల ఉపయోగం లేదు, బేరింగులు విప్పి, కడిగి, గుంతలు పడ్డవి మార్చి, వెనక సీలు కొత్తది వేయాలి. ఇంటికి తిరిగేముందు ర్యాంప్ పైనే బోటు ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలేయండి. టెక్సోమాలో 2009లో బయటపడ్డ జీబ్రా మసెల్ గుల్లలు ఇలా మిగిలిన నీళ్లతో కూడా ఒక లేకు నుంచి ఇంకో లేకుకు పాకుతాయి. అందుకే టెక్సస్‌లో ఆ నీళ్లు వదలడం చట్టం. పైగా బోటు అడుగున నిలిచిన ప్రతి పది గ్యాలన్లూ 83 పౌండ్లు, అది కూడా వెనకవైపు.